క్రొత్త తలుపునకు ద్వారబంధపు కొలతలు

క్రొత్త తలుపు చేయింపదలచినవారు వడ్రంగికి కబురు పంపుటకు ముందు ద్వారబంధమును ఒకసారి కొలిచి చూచుకొందురు. ఆ కొలత సాధారణముగా రెండంకెలతో ముగియును: వెడల్పు ఇంత, ఎత్తు ఇంత. ఆ రెండంకెలను కాగితముపై వ్రాసి యిచ్చినచో పని చక్కగా నెరవేరునని నేనును చాలకాలము నమ్మితిని. అట్లు నమ్మి చేయించిన తలుపు మూలమున మా యింట జరిగినదానిని ముందు చెప్పి, పిమ్మట కొలుచు పద్ధతిని మనవి చేసెదను.

కృష్ణా డెల్టాలోని మా పల్లెటూరి యింటిలో మా అమ్మ పండుకొను గది తలుపు అడుగుభాగమును చెద తినివేసినది. మే నెలలో సెలవు పెట్టి ఊరికి పోయినప్పుడు నేనే టేపు తీసికొని గుమ్మమును కొలిచితిని. టేపు జారకుండ పరచుటకు గడప అనువుగా నుండుటచే వెడల్పును అక్కడనే కొలిచితిని: 35 అంగుళములు. ఎత్తు ఒక ప్రక్కన మాత్రమే చూచితిని: 76 అంగుళములు. ఊరి వడ్రంగికి అంకెలు చెప్పి బస్సెక్కితిని. ఆయన టేకు పలకలు జోడించి తలుపు చేసి నెలాఖరున బిగించెను. నడుమ కొంచెము పట్టినచోట రెండు మూడు సారులు చిత్రిక పట్టెనట. తలుపు బాగుగా పడినదని అమ్మ ఫోనులో సంతోషించినది.

ఆగస్టులో వారము దినములు ముసురు పట్టినది. ఒకనాడు తెల్లవారుజామున అమ్మ గడియ తీసి తలుపును లాగగా అది రాలేదు. ఆమెకు డెబ్బదియారేండ్లు. ఫోను హాలులో నుండెను. పిలిచిన పిలుపు వాన చప్పుడులో ఎవరికిని వినబడలేదు. అరగంటకు పైగా గడచినపిదప పాలు పోయు కుర్రవాడు విని, లోనికి వచ్చి, భుజముతో మూడుసారులు త్రోసి తలుపు తెరచెను. నేను వెళ్ళి చూచినప్పుడు ఆమె కోపగించుకొనలేదు. “గడియ తీసే ఉందిరా. తలుపే రాలేదు” అని మాత్రమే అనినది. వడ్రంగి నేను చెప్పిన కొలతకే చేసినాడు. పొరపాటు కొలిచినవానిది.

మా తాతగారి నాటినుండి మా యింటి కొయ్యపని చూచుచున్న కుటుంబములో పెద్ద ఆచారిగారొకరు కలరు. చేతిలో చిత్రిక పట్టు వయస్సు దాటినది గాని, చూపు తప్పలేదు. ఆయనను బ్రతిమాలి తీసికొనివచ్చితిని. గుమ్మము ముందు కొంతసేపు నిలిచి, “బాబుగారూ, మీరు దీన్ని ఒక్కచోటే అడిగారు. అది ఒక్కచోటి సంగతే చెప్పింది” అనిరి. తరువాత గడపవద్ద, నడుమ, పైన మూడుచోట్ల కొలిపించిరి. గడపవద్ద 35 అంగుళములు. పైన 35 అంగుళముల ఒక నూలు. నడుమ 34 అంగుళముల 6 నూళ్ళు. నూలనగా అంగుళములో ఎనిమిదవ వంతు. మన వడ్రంగుల చేతిలో నేటికిని చెల్లుచున్న కొలత.

ఒకే ద్వారబంధములో ఇంత తేడా ఎట్లు వచ్చినదని ఆశ్చర్యపడనక్కరలేదు. మన యిండ్లలో ద్వారబంధమును ముహూర్తము చూచి, పసుపు కుంకుమలు పెట్టి, గోడ లేవకముందే నిలుపుదురు. గోడ దాని చుట్టును తరువాత లేచును. ఇటుకలు పేర్చునప్పుడు ప్రక్కనుండి ఒత్తిడి కలుగును. గోడ తడుపు దినములలో ఆ నీరంతయు కొయ్యకు తగులును. తెలిసిన మేస్త్రీ నిలువు కొయ్యల నడుమ తాత్కాలికముగా ఒక అడ్డబద్దను కొట్టి, గోడ గట్టిపడువరకు ఉంచును. ఆ బద్ద లేనిచో నిలువు కొయ్యలు నడుమున లోనికి వంగును. పైన పైకొయ్యయు క్రింద గడపయు పట్టియుంచుటచే ఆ రెండుచోట్ల వెడల్పు మారదు. మా యింట జరిగినదియు అదియే. నేను కొలిచినది సరిగా ఆ మారని చోటు.

కనుక వెడల్పును కనీసము మూడుచోట్ల కొలువవలెను. మూడింటిలో తక్కువదానిని ఆధారముగా గ్రహింపవలెను. ఎక్కువైన తలుపును చిత్రికతో తగ్గింపవచ్చును గదా యని కొందరు పెద్ద అంకెను ఇత్తురు. పలకల తలుపునకు అది కొంతవరకు చెల్లును. అంగడిలో కొను ఫ్లష్ తలుపునకు చెల్లదు. దాని అంచున నుండు గట్టి కొయ్యపట్టీ సన్ననిది. అది తెగినచో లోపలి అతుకులు బయటపడి తేమను పీల్చి విడిపోవును.

ఇక, ఎచ్చటినుండి ఎచ్చటికి కొలువవలెనను ప్రశ్న. దీనియందే అందరును తడబడుదురు. ద్వారబంధపు కొయ్యలో తలుపురెక్క ఆనుకొనుటకై ఒక మెట్టు చెక్కియుందురు. మనుష్యుడు నడచిపోవు ఖాళీ వేరు, ఒక ప్రక్క మెట్టు లోపలి గోడనుండి రెండవ ప్రక్క మెట్టు లోపలి గోడవరకు గల దూరము వేరు. మెట్టు లోతు ప్రక్కకు అరంగుళమైనచో ఈ రెండింటికి తేడా ఒక అంగుళము వచ్చును. నడచు ఖాళీని కొలిచి యిచ్చినచో, వచ్చిన తలుపు ఆనుకొనుటకు చోటు లేక ఇవతలినుండి అవతలికి పోవును. మెట్టునందు ఏండ్లతరబడి పూసిన రంగు పొరలు పేరుకొనియుండును. కొలుచుటకు ముందు ఉలితో వానిని గీకివేయవలెను. మెట్టు వెడల్పును కూడ చూడవలెను. తలుపు మందము దానికి సరిపోవలెను. మించినచో తలుపు బయటికి పొడుచుకొనివచ్చును, బందులు సరిగా కూర్చుండవు.

ఎత్తును రెండు ప్రక్కలను, గడప నడుమను కొలువవలెను. ప్రాత యిండ్లలో గడప నడుమ కాళ్ళరాపిడికి అరిగి పల్లమగును. పండుగ పండుగకు పసుపురంగు పూయు గడపయైనచో కొనలయందు రంగు మందముగా నుండును. తలుపు అడుగు కొనలవద్ద తగులక, నడుమ మాత్రము వ్రేలు దూరునంత సందు ఉన్నదని కొందరు వడ్రంగిని నిందింతురు. అది అరుగుడు చేసిన పని. ఇప్పటి ఫ్లాట్లలో లోపలి గదులకు గడపయే యుండదు. అక్కడ ఎత్తును నేలనుండి కొలువవలెను గాని, ఆ నేల తుది నేలయేనా యని ముందు అడుగవలెను. తరువాత టైల్సు పరచు ఉద్దేశమున్నచో టైలు మందమును, దాని క్రింది సిమెంటు మందమును తీసివేయవలెను. తలుపు తెరచుకొను దారిలో నేల ఎత్తుగా ఉన్నదేమో కూడ చూడవలెను. మూసినప్పుడు సందు ఉండి, సగము తెరచునప్పటికి నేలకు రాచుకొను తలుపులు చాల కలవు.

ఇన్ని కొలతలు తీసినను ద్వారబంధము ప్రక్కకు ఒరిగినదీ లేనిదీ తెలియదు. అందులకు మూలనుండి మూలకు రెండు కొలతలు తీయవలెను. నాలుగు మూలలును సరియైన లంబకోణములైనచో ఆ రెండును సమానముగా నుండును. మా గుమ్మమునకు ఆ రెంటికి మూడు నూళ్ళ తేడా వచ్చినది. 35 అంగుళముల వెడల్పు, 76 అంగుళముల ఎత్తుగల చట్రములో ఆ తేడా వచ్చినదనగా పైభాగము ఒక ప్రక్కకు సుమారు మూడున్నర నూళ్ళు ఒరిగినదని లెక్క. అట్టి చట్రములో నిక్కమైన దీర్ఘచతురస్రపు తలుపును పెట్టినచో ఒకవైపు సందు పైకి పోవుకొలది పెరుగును, ఇంకొకవైపు తరుగును. అయితే మూలల కొలతలు సమానముగా నున్నంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. పైన ఇరుకై, క్రింద వెడల్పై, రెండు ప్రక్కలు సమానముగా వాలిన చట్రమునకు కూడ అవి సమానముగానే వచ్చును. అందువలన మూడు వెడల్పులును, రెండు మూలకొలతలును కలిపి చదువవలెను. ఒకటి దాచినదానిని రెండవది చెప్పును.

ఒక్క మూలను మాత్రమే పరీక్షింపవలసినచో మూలమట్టము చాలును. అది లేనివారు పైకొయ్యపై మూలనుండి 18 అంగుళములు, నిలువు కొయ్యపై 24 అంగుళములు గుర్తు పెట్టి, ఆ గుర్తుల నడుమ దూరమును చూచుకొనవచ్చును. సరిగా 30 అంగుళములు వచ్చినచో ఆ మూల సరియైనది. మూడు, నాలుగు, అయిదుల లెక్కయే ఇది.

ఆచారిగారు చేసిన మరియొక పరీక్షను నేను అంతకుముందు ఎరుగను. ద్వారబంధపు నాలుగు మూలలకును, గోడకు సమతలముగా నుండునట్లు, రెండు దారములను అడ్డముగా బిగించి కట్టించిరి. నడుమ ఆ దారములు ఒకదానినొకటి తాకీ తాకనట్లుండవలెను. ఎడముగా నున్నను, ఒకటి రెండవదానిని నెట్టుచున్నను ద్వారబంధము మెలి తిరిగినదన్నమాట. ఒక నిలువు కొయ్య పైకొన గదిలోనికి, రెండవదాని పైకొన బయటికి పోయియుండును. మెలి తిరిగిన చట్రములో చదునైన తలుపు మూడు మూలలవద్ద ఆనుకొని నాలుగవమూల తేలియుండును. దీనికి కొలత మార్చి ప్రయోజనము లేదు. బందులు లోతుగానో పైపైనో పెట్టి కొంత సరిచేయవచ్చును. తేడా ఎక్కువైనచో మెట్టును చెక్కవలెను. మా దారములు అదృష్టవశమున తాకినవి.

బందులు బిగించు నిలువు కొయ్య నిలువుగా నున్నదో లేదో దారమునకు గుండు కట్టి పైనుండి వ్రేలాడదీసి చూచిరి. అది వాలియున్నచో తలుపు తనంతతాను తెరచుకొనుటయో, మూసికొనుటయో జరుగును. దెయ్యము తెరచినదని పిల్లలు భయపడు తలుపులలో చాలవానికి కారణమిదియే.

టేపును గూర్చి కూడ ఒకమాట చెప్పవలెను. టేపు కొనకు ఉన్న ఇనుపకొక్కెము కొంచెము కదలుచుండును. అది వదులైనదనుకొని సుత్తితో కొట్టి బిగించినవారిని చూచితిని. ఆ కదలిక కావలెనని పెట్టినది. వస్తువు అంచునకు తగిలించి లాగినప్పుడు కొక్కెము తన మందమంత ముందునకు జరుగును. లోపలి గోడకు ఆనించి నొక్కినప్పుడు అంతే వెనుకకు పోవును. రెండు తీరులను లెక్క సరిగా వచ్చుటకే ఆ ఏర్పాటు. లోపలి కొలతలయందు రెండవకొన వద్ద టేపు వంగి అంకె స్పష్టముగా కనబడదు. అందులకే ఆచారిగారు టేపును నమ్మక, రెండు సన్నని బద్దలను ప్రక్కప్రక్కన పట్టి, రెండు కొనలును ప్రక్క మెట్లకు తగులునంతవరకు జరిపి, ఆ రెండు బద్దలమీదను ఒకే గీత గీయించిరి. అంకెలు చదువునవసరము లేదు, తప్పు చదువు భయమును లేదు. ఎత్తునకు ఒక నిడుపాటి బద్దను నిలిపి, దానిపై పైకొయ్య, బందులు, గడియ ఉండు చోట్లను గుర్తించిరి. ఇప్పుడు లేజరు యంత్రములు వచ్చినవి. అవి దూరమును చక్కగా చెప్పును గాని, మనము చూపిన ఒక్కచోటి దూరమునే చెప్పును. గడపవద్ద పెట్టినచో అదియు నావలెనే 35 అని యుండును.

అంకెలు వ్రాయవలసివచ్చినప్పుడు వెడల్పు, ఎత్తు అను మాటలు ప్రక్కనే వ్రాయుడు. మన వడ్రంగి వెడల్పును ముందు చెప్పును. తలుపుల అంగడిలో 78 – 30 అని ఎత్తును ముందు చెప్పుట కలదు. 1956వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టముతో మన దేశములో మెట్రిక్ పద్ధతి ప్రవేశించినది. అయినను కొయ్యపనిలో అంగుళము పోలేదు. కర్మాగారపు తలుపులు మిల్లీమీటర్లలో వచ్చును, మనము అంగుళములలో అడుగుదుము. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు. తేలికగా నుండునని 25తో లెక్కించినచో 78 అంగుళముల తలుపు 1950 మిల్లీమీటర్లగును. నిజమునకు అది 1981. అంగుళమునకు మించిన లోటు, తలుపు ఇంటికి చేరిన తరువాత గాని బయటపడదు. కొలిచిన కొలమానములోనే వ్రాయుట మేలు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. మే నెలలో సరిపోయిన తలుపు ఆగస్టులో ఏల పట్టినది? కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, ఎండకు కుదించుకొనిపోవును. ఈ మార్పు కొయ్య నిడివిలో లేదనదగినంత తక్కువ, అడ్డముగానే ఎక్కువ. టేకు మిక్కిలి నిలకడయైన కొయ్యలలో ఒకటి. అయినను పచ్చికొయ్య పూర్తిగా ఎండునప్పటికి రంపపు కోతను అనుసరించి నూటికి రెండున్నర మొదలు సుమారు ఆరు వంతులవరకు అడ్డముగా తగ్గును. దీనినిబట్టి చూడగా, అడ్డకోత పడిన టేకుపలక తేమ నూటికి నాలుగు పాళ్ళు పెరిగినచో వెడల్పు నూటికి సుమారు ముక్కాలు వంతుకు పైగా పెరుగును. 35 అంగుళముల పలకల తలుపునకు అది రెండు నూళ్ళకు మించును. మా తలుపునకు నడుమ మిగిలిన సందు అర నూలైనను లేదు.

కొయ్యచట్రము కట్టి నడుమ పలకలను గాడిలో వదులుగా కూర్చు తలుపును పూర్వులు కనిపెట్టినది ఈ చిక్కునకు మందుగానే. అందులో పలక ఎంత ఉబ్బినను గాడిలోపలనే ఉబ్బును. తలుపు వెడల్పును మార్చునవి రెండు నిలువు పట్టెలు మాత్రమే. పట్టె నాలుగంగుళముల చొప్పున రెండును ఎనిమిదంగుళములు; దానిలో పెరుగుదల అర నూలు. నేను పలకల తలుపు కావలెనని కోరునప్పుడు ఈ లెక్క నాకు తెలియదు. తేమ అన్నిచోట్ల ఒకటి కాదు. భారత ప్రమాణము 287 దేశమును తేమనుబట్టి నాలుగు మండలములుగా విభజించి, ఎచ్చట కొయ్య ఎంతవరకు ఆరియుండవలెనో చెప్పుచున్నది. అనంతపురమున సరిపోయిన సందు బందరులో సరిపోదు.

ప్రక్కలకును పైకిని ఒక్కొక్క నూలు సందు ఉండవలెనని వాడుక. గడపమీద, లేక నేలమీద రెండు నూళ్ళు. ఇది వానకాలపు లెక్కయని గుర్తుంచుకొనవలెను. మా గుమ్మమున అతి తక్కువ వెడల్పు 34 అంగుళముల 6 నూళ్ళు. ప్రక్కకొక నూలు తీసివేయగా 34 అంగుళముల 4 నూళ్ళు. పలకల తలుపును మే నెలలో చేయించినచో ఉబ్బునకై ఇంకను రెండు నూళ్ళు తీసివేయవలసియుండెను. అప్పుడు గడపవద్ద ఇరుప్రక్కల మూడేసి నూళ్ళ సందు కనబడును. అయినను మెట్టు లోతు నాలుగు నూళ్ళు కనుక వెలుతురు రాదు. గడియ పెట్టు అంచును మూసికొను వైపునకు రవంత వాలుగా చిత్రిక పట్టవలెను; లేనిచో తలుపు తిరిగివచ్చునప్పుడు దాని లోపలి మూల కొయ్యకు తగులును. రెండు రెక్కల తలుపునకు వెడల్పును సగము చేసిన చాలదు. రెక్కలు కలియుచోట ఒకదానిపై నొకటి ఎక్కు భాగమును కలుపవలెను.

ఇవన్నియు కొలుచుటకు ముందే ద్వారబంధము ఆరోగ్యమును చూడుడు. గడపవద్ద నిలువు కొయ్యల అడుగును ఉలికొనతో పొడిచి చూచినచో చెద తెలియును. చేతితో ఊపినప్పుడు కదలు ద్వారబంధమును కొలుచుట వృథా. ముందు దానిని గోడకు బిగింపవలెను. ఇంటిలో వృద్ధులున్నవారు నడచు ఖాళీని గూర్చి కూడ ఆలోచింపవలెను. 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సార్వత్రిక సౌలభ్యపు మార్గదర్శకములు ద్వారమునకు 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండవలెనని చెప్పుచున్నవి. తలుపు తెరచినప్పుడు రెక్క మందము ఆ ఖాళీలో కొంత ఆక్రమించును. మా గుమ్మమున ఖాళీ సుమారు 860. అమ్మకు ఇప్పటికి చేతికఱ్ఱతో సరిపోవుచున్నది.

ఆచారిగారి మాటపై వడ్రంగి తలుపును ఊడదీసి, బందుల ప్రక్క అంచును నిలువు కొయ్య వంపునకు తగినట్లు చిత్రిక పట్టి, మరల బిగించెను. ఒకపూట పని. లోపలి గడియ పైనున్నదానిని అమ్మ చేతికందు ఎత్తునకు దింపించితిమి. తలుపు వెడల్పును ఆనాడే ఒక బద్దమీద గీసి అటకమీద పెట్టితిమి. సంక్రాంతికి పోయినప్పుడు అదే బద్దను తలుపునకు ఆనించి మరియొక గీత గీసితిని. రెండు గీతలకు నడుమ రెండు నూళ్ళు ఉన్నవి.